నడుము ఊగే కుక్క

మా నాయన బర్రెల కొట్టం పురానాపూల్ దగ్గర ఉండేది. మూడో తరగతిలో నన్ను బడి మాన్పించి చేతికి పాల చెంబు ఇచ్చారు. ఆ చెంబు వెంట ఒక వీధి కుక్క నడిచేది. ఇల్లిల్లూ తిరిగి పాలు పోసి వచ్చేదాకా అది నా వెనకే ఉండేది. అప్పటి నుంచి కుక్క లేని ఇంట్లో నాకు అన్నం సహించదు. మనుషుల మీద నాకు అంత నమ్మకం లేదు, కుక్క మీద ఉంది.

నేను కోడలిగా వచ్చిన ఇల్లు కూడా పాలవాళ్లదే. మా దగ్గర పాలు పోయించుకునే ఒకాయన బదిలీ మీద పోతూ తన గోల్డెన్ రిట్రీవర్‌ను మా వాకిట్లో కట్టేసి, "అమ్మా, మీ తాననైతే మంచిగ బతుకుతది" అన్నాడు. తేనె రంగు బొచ్చు, మాట అర్థమైనట్టు చూసే కళ్లు. దానితో నాకు ఈ జాతి పిచ్చి పట్టింది.

పిచ్చి పట్టినా పద్ధతి వదల్లేదు. ఎదకొచ్చిన ప్రతిసారీ మగదానితో దాటించను, తల్లి కోలుకోవాలి. రెండు నెలలు నిండనిదే పిల్లను ఎవరికీ ఇవ్వను. కొనడానికి వచ్చినవాణ్ణి గడపలోనే నిలబెట్టి ఇంట్లో ఎవరుంటారో, ఎండాకాలం దాన్ని ఎక్కడ పడుకోబెడతాడో అడుగుతాను. పత్తర్‌గట్టిలో దుకాణమున్న ఒకాయన, "దుకాన్ ముంగట కట్టేస్తే గిరాకీ వస్తది గదమ్మా" అన్నాడు. "గిరాకీ కావాల్నంటే రంగుల లైట్లు పెట్టుకో, పో" అని పంపించేశాను.

ఇక నా యారాలి సంగతి. యారాలంటే నా మరిది భార్య. మా రెండిళ్లకూ వాకిలి ఒక్కటే, మధ్యలో నడుమెత్తు గోడ. ఆమె పదో తరగతి పాసయింది. ఫోన్లో చూసి అన్నీ నేర్చుకుంటుంది. నేను కూడబలుక్కుని చదివేలోపు ఆమె చదివేసి అర్థం కూడా చెబుతుంది. అక్కడే నాకు మొదటి మంట.

మా మొదటి కుక్క ఈనినప్పుడు అందరికంటే బొద్దుగా ఉన్న ఆడపిల్లను నేను ఉంచుకున్నాను. అన్నీ పోగా చివరికి మిగిలిన బక్కదాన్ని, తోసుకుని తల్లి పాలు తాగడం కూడా చేతకానిదాన్ని, యారాలికి ఇచ్చాను. ఆమె దాన్ని రెండు చేతులా తీసుకుని కళ్లకద్దుకుంది.

మనవలకు కూడా మీగడ చెంచాతో లెక్కగా వేసే నేను, నా కుక్కకు మాత్రం గిన్నెడు పెట్టాను. అది దూదిబస్తాలా పెరిగింది. యారాలిది కొలత ప్రకారం తిని సన్నగా, తాడులా పెరిగింది. రెండూ పెద్దవయ్యేసరికి తల్లి పోయింది. గల్లీ అంతా నాదాన్నే చూసేది. దాని నడకే వేరు. దీపావళి దాటాక సదర్ పండుగలో దున్నలను ఊరేగించేటప్పుడు మా వాళ్లంతా వెనక నిలబడి నడుము చూస్తారు. నడుము ఇటూ అటూ ఊగితేనే దున్న, లేకపోతే దూలం. నా కుక్క సరిగ్గా అలా ఊగుతూ నడిచేది. గుడిమల్కాపూర్‌కు బంతిపూల కోసం వెళుతూ దాన్ని వెంట తీసుకెళితే, పూలమ్మేవాళ్లు తూకం ఆపి చూసేవాళ్లు.

అయినా నాకు మంట తగ్గలేదు. యారాలి కుక్క ఒక్క దూకులో గోడ దాటి వచ్చేది. నాది గోడ దగ్గర కూర్చుని చూసేది. రాణులు దూకుతారా అనుకునేదాన్ని. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా వేసేది, అదీ ఒక సింగారమే అనుకున్నాను. కానీ మా మనవలు నా కుక్కను వదిలి దూకే కుక్కతో ఆడటానికి గోడ అవతలికి పోయేవాళ్లు.

ఆ ఏడాది రెండు కుక్కలూ ఎదకొచ్చే రోజులు దగ్గరపడ్డాయి. పురానాపూల్ వంతెన అవతల మంచి మగ కుక్క ఉన్న ఒక భాయ్ వచ్చి రెంటినీ చూసి, "అమ్మా, నీదానికే ఇస్త మాది. గా నడక చూడు, మస్తుంది" అన్నాడు. నేను గోడ అవతలికి వినబడేలా నవ్వాను.

అతను వెళ్లాక యారాలు గోడ మీద మోచేతులాన్చింది.

"అక్కా, దాటించే ముందుగాల తుంటికి ఎక్స్‌రే తీపియ్యాలంట. ఈ జాతికి తుంటి ఖరాబుంటే పిల్లలకు గూడ వస్తదంట."

"నీ ఫోన్ చెప్పిందా?"

"ఫోన్ చెప్పినా నిజం నిజమే గదక్కా."

"సరే పద. నీదానికి గూడ తీపిద్దాం. ఎవలది ఏందో తేలుతది."

వెళ్లింది తెలుసుకోవడానికి కాదు, గెలవడానికి. రెండు కుక్కలనూ ఒకే ఆటోలో ఎక్కించాం, కిరాయి సగం సగం.

డాక్టరు ముందు రెంటినీ ఆవరణలో నడిపించమన్నాడు. నాదాన్ని వెనక నుంచి చూసి అడిగాడు: "ఇది ఎప్పుడూ గిట్లనే నడుస్తదా?"

"పుట్టినకాంచి సార్. సదర్ దున్న నడక."

ఆయన నవ్వలేదు. మందిచ్చి పడుకోబెట్టి ఫోటోలు తీశాడు. తర్వాత రెండు ఫోటోలూ పక్కపక్కన వెలుతురుకు పెట్టి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు.

"అమ్మా, ఈమె కుక్కది చూడు. రోట్ల రోకలి కూసున్నట్టు కూసున్నది తొడ బొక్క. నీదాన్ది పళ్లెంల నిమ్మకాయ లెక్క జారుతున్నది. నొప్పికే నడుము ఊపుతున్నది. కొంత పుట్టుక, కొంత చిన్నప్పుడు ఎక్కువ తిండి. బరువు తగ్గిస్తే ఇది మంచిగనే బతుకుతది. పిల్లలు మాత్రం వద్దు."

గల్లీ అంతా మెచ్చిన నడక నొప్పి నడక. రెండూ ఒక కడుపున పుట్టినవే. మిగిలిపోయిందని ఇచ్చిన దానికి రోలు, ఏరుకున్న నాదానికి పళ్లెం.

ఆటోలో కుక్క నా ఒడిలో తల పెట్టింది. యారాలు మెల్లగా, "నేను ఎవ్వలికి చెప్పనక్కా" అంది.

"చెప్పకపోతే? దాసిపెట్టి దాటిస్తననుకున్నవా?"

"గట్ల అనలే."

అనలేదు. కానీ ఆ దారి నా కళ్ల ముందు ఉంది. ఆ భాయ్ ఏమీ అడగడు. కొనేవాళ్లు బొచ్చు చూస్తారు, బొక్క చూడరు. నాది దాటించకపోతే ఇక నా వాకిట్లో పిల్లలుండవు, అన్నీ గోడ అవతలే. ఆటో దిగేదాకా నేను ఆలోచించింది కుక్క నొప్పి గురించి కాదు, గోడ గురించి.

మర్నాడు పొద్దున భాయ్ వచ్చాడు. నా కుక్క లేచి నడుము ఊపుతూ ఎదురెళ్లింది. వెనక కాలు నేల మీద పెట్టే ముందు అది ఒక్క క్షణం ఆగడం అప్పుడు చూశాను. అన్నాళ్లూ నా కళ్ల ముందే ఆగింది.

"నాదానికి వద్దు. దానికి తుంటి బాగలేదు. గోడ అవతలిదానికి చూడు. గాని ముందుగాల నీదాన్ది ఎక్స్‌రే తెచ్చి చూపెట్టు. దాని కళ్లు గూడ డాక్టర్‌కు చూపెట్టుకొని రా."

"ఏందమ్మా, పెళ్లిచూపులకంటె ఎక్కువ చేస్తున్నవ్?"

"పెళ్లికైతే ఇంత చూడకపోతుంటి."

పిల్లలు గోడ అవతల పుట్టాయి. "అక్కా, జర రా" అని యారాలు పిలిస్తే పాత చీర ముక్కలు పట్టుకుని వెళ్లి, ఒక్కొక్కదాన్నీ తుడిచి తల్లి రొమ్ముకు అందించాను. చేతులు పని చేస్తూనే ఉన్నాయి, లోపల మంట మండుతూనే ఉంది. అవి లేచి నడక మొదలుపెట్టాక రోజూ వెళ్లి వెనక నుంచి చూశాను. ఒక్కటైనా ఊగుతుందేమోనని భయం. నిజం చెప్పాలంటే అది ఉత్త భయం కాదు. ఒక్కటీ ఊగలేదు.

"నచ్చినదాన్ని తీస్కో అక్కా" అంది యారాలు.

"నీకు మిగిలిందే ఇచ్చిన గద. నాకు గూడ మిగిలిందే ఇయ్యి."

ఆమె నవ్వింది. కొనేవాళ్లు రాసాగారు. నేను గోడ ఇవతల చాటలో బియ్యం ఏరుతూ విన్నాను. ప్రతివాడూ ఒకే పిల్లను అడిగాడు. అన్నింట్లోకీ చక్కగా, కాళ్లు తిన్నగా పెట్టేది. ప్రతివాడికీ ఆమె అదే జవాబు చెప్పింది.

"గది ఇయ్య. గది మా అక్కకు మిగిలింది."

ఆ మంచితనం చూసి కూడా నాకు మండింది, అది నాకెందుకు తోచలేదా అని. నా కుక్క గోడ పక్కన గడ్డం నేలకు ఆన్చి పడుకుని ఉంది. చాట పక్కన పెట్టి, పిల్లను తెచ్చుకోవడానికి లేచాను.