చాచా కళ్లలో పడ్డ లైటు

ఆరేళ్లుగా ఒక నవ్వును దాచిపెట్టుకుని తిరుగుతున్నాను. నాది కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఇల్లు పాతబస్తీలో, శాలిబండలో. సందు మొదట్లో రహీం చాచా గడియారాల రిపేరు దుకాణం. ఆయన కూతురు షాహీన్ చదువయ్యాక అక్కడే కూర్చునేది. బుర్ఖా చేతులు పైకి మడిచి, కంటికి భూతద్దం బిగించి, కంటికానని స్క్రూలు తిప్పేది. పని నేర్పింది చాచానే. కూతురి చెయ్యే తనకంటే నయమని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు.

అప్పట్లో నాకు షార్ట్ ఫిల్మ్‌ల పిచ్చి. ఒక పోటీకి ఆడపిల్లల స్వేచ్ఛ మీద తీయమన్నారు. దుకాణంలో తీసుకుంటానంటే చాచా ఒక పూట బేరాలు వదులుకుని, షట్టర్ సగం దించి, నాకు చాయ్ కూడా తెప్పించాడు. షాహీన్ గలగలా మాట్లాడింది. తండ్రి ఏదో అంటే పగలబడి నవ్వింది. ఇంటికొచ్చి చూసుకుంటే నాకు భయం వేసింది. ఇందులో కథేముంది? సంతోషంగా ఉన్న ముస్లిం అమ్మాయికి బహుమతి ఎవరిస్తారు?

అవును, సరిగ్గా ఇలాగే అనుకున్నాను.

షాట్‌కీ షాట్‌కీ మధ్య కెమెరా ఆపకుండా వదిలేయడం నాకు అలవాటు. ఆ పనికిరాని ముక్కల్లో ఒకచోట చాచా మొహం చిట్లించాడు. నేను పెట్టిన లైటు ఆయన కళ్లలో కొట్టింది, అంతే. ఇంకోచోట షాహీన్ తల దించుకుంది. కింద పడ్డ స్క్రూ వెతుక్కుంటోంది. ఆ రెండూ పక్కపక్కన అతికించాను. సగం దించిన షట్టర్ చివర పెట్టాను. మాటలు తీసేసి ఏడుపు సంగీతం వేశాను. కూతుర్ని కట్టడి చేసే తండ్రి తయారయ్యాడు. బహుమతి వచ్చింది.

యూట్యూబ్‌లో పెట్టాక ఎవరెవరో దుకాణం వెతుక్కుంటూ వచ్చి చాచాకు బుద్ధులు చెప్పి పోయారు. నెల తిరక్కుండా దుకాణంలో చాచా ఒక్కడే మిగిలాడు.

ఒక మధ్యాహ్నం షాహీన్ మా గుమ్మంలోకి వచ్చింది. తిడితే బాగుండేది.

"అక్కా, నేను మస్తు నవ్విన గదా. గది ఏడ పోయింది?"

"సినిమా అంటే గట్లనే ఉంటది షాహీన్. శానా కోసేస్తం."

"నన్ను జూసి అందరు అయ్యో అంటున్నరు. గడియారం మాత్రం ఎవ్వరు ఇస్తలేరు. నేను కూసుంటే అబ్బాను తిడుతున్నరు. గందుకే నేనే బంద్ చేసిన."

ఆ సాయంత్రమే యూట్యూబ్ నుంచి ఫిల్మ్ తీసేసి ఉండొచ్చు. ఎందుకు తీసేయలేదు? అప్పటికే దాన్ని చూపించి ఉద్యోగం తెచ్చుకున్నాను, ఆడవాళ్ల గురించి ధైర్యంగా తీసే అమ్మాయినని పేరు తెచ్చుకున్నాను, ఆ పేరు పోతుందన్న భయానికి 'ఇప్పుడు తీసేస్తే మాత్రం ఏం లాభం' అని పేరు పెట్టుకుని ఇన్నేళ్లు గడిపాను. మొన్న ఒక కాలేజీలో, సినిమాల్లో ముస్లింలను ఒకే మూసలో ఎలా పోస్తారో మాట్లాడమని పిలిచారు. వెళ్లి మాట్లాడాను. చప్పట్లు కొట్టారు. ఆరోజు నుంచి అన్నం సహించడం లేదు.

చాచా ఇప్పటికీ "ఖైరియత్, బేటా?" అని క్షేమం అడుగుతాడు. తల ఊపి తప్పుకుంటాను.

ఫిల్మ్ ఇంకా యూట్యూబ్‌లోనే ఉంది. షాహీన్ అడిగిన నవ్వు నా హార్డ్ డిస్క్‌లో ఉంది, పదకొండు సెకన్లు. ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట, ఇదిగో, అంటున్నాను. ఆ రోజు చాచాకు కోపం రాలేదు. లైటు నేనే పెట్టాను.