బ్రేకులు లేని నీళ్ల సైకిలు

మొన్న పుట్టపర్తిలో మా మనవరాలికి సైకిలు కొనడానికి వెళ్తూ అక్కను కూడా వెంట తీసుకెళ్లాను. పిల్ల తలకు హెల్మెట్, మోకాళ్లకూ మోచేతులకూ మెత్తటి పట్టీలు, వెనక చక్రానికి అటూ ఇటూ రెండు బుల్లి చక్రాలు, అన్నీ బిగించి దుకాణదారు మురిసిపోతూ చూపిస్తుంటే, అక్క కుంటుకుంటూ ముందుకొచ్చి హ్యాండిల్ మీది బ్రేకు పట్టుకుని, "ఏమప్పా, ఇది అదిమితే బండి నిలబడతాదా?" అని అడిగింది. ఆయనకు నవ్వొచ్చింది. నాకు రాలేదు.

మా చిన్నతనంలో, సోమందేపల్లె పక్కన మా ఊళ్లో, నీళ్లు మోసే సైకిళ్లలో ఒక్కదానికీ బ్రేకులు ఉండేవి కావు. చెడిపోయి కాదు, పెద్దవాళ్లే విప్పి పారేశారు. హ్యాండిల్‌కు కట్టిన బిందెలు నిండితే ఆ బరువుకు తాడు బ్రేకును నొక్కేస్తుంది, కింద బోరు నుంచి ఊళ్లోకి మిట్ట ఎక్కుతుంటే చక్రం పట్టేస్తుంది. నిండు బండిని ఎలాగూ తోసుకునే రావాలి, ఇక బ్రేకులతో పనేముందని వాళ్ల ఆలోచన. ఖాళీ బిందెలతో ఆ మిట్ట దిగేది పిల్లలన్న సంగతి ఎవరికీ తట్టలేదు, తట్టినా పట్టించుకోలేదు. వేగం తగ్గాలంటే ముందు చక్రం మీద అరికాలు ఆనించాలి, అంతే. బిందెల సంగతి మాత్రం వేరు. ప్లాస్టిక్ బిందె ఇనుముకు తగిలి పగులుతుందని నాయన పాత గోనెసంచులు చింపి, మడతలు పెట్టి, ఒక్కో బిందె నడుముకూ చంటిబిడ్డకు పొత్తిళ్లు చుట్టినంత ఓర్పుగా చుట్టేవాడు. మా కాళ్లకు చెప్పులు కూడా ఉండేవి కావు.

అక్కకు అప్పుడు పన్నెండేళ్లు. బడిలో పరుగుపందెం పెడితే మగపిల్లలు కూడా దాని వెనకే. ఆ ఉదయం కరెంటు వచ్చింది, మళ్లీ పోయేలోగా బోరు దగ్గరికి చేరాలని నాయన తరిమితే, నన్ను వెనక బిందెల మధ్య కూర్చోబెట్టుకుని మిట్ట దిగింది. సగం దారిలో మేకల మంద అడ్డం వచ్చింది. అక్క చక్రం మీద పెట్టిన కాలు జారి ఊచల్లోకి పోయింది. నేను ఎగిరి మేకల మీద పడి బతికిపోయాను. అక్క కాలును మేకలాయన ఊచల్లోంచి విడిపిస్తుండగా నాయన పరుగున వచ్చాడు. వచ్చినవాడు ముందు బిందెలను ఒక్కొక్కటీ తిప్పి చూసుకుని, "బిందెలు పగల్లేదులేప్పా, కాలు అదే మానుతాది" అని ఆయనతో అన్నాడు. అక్కను దారి పక్క రాయి మీద కూర్చోబెట్టి, వంకరపోయిన సైకిలును ఈడ్చుకుంటూ నీళ్లకు పోయాడు. తిరిగొచ్చేటప్పటికి బిందెలు నిండాయి కాబట్టి బండి మీద దానికి చోటు లేదు. మేకలాయనే భుజాన వేసుకుని ఇంటికి తెచ్చాడు.

కాలు నాయన అన్నట్టే మానింది, వంకరగా. బడి పక్క ఊళ్లో, అంత దూరం నడవలేక అక్క చదువు మానేసింది. సైకిలు నాకొచ్చింది. నాయన ఊచలు కొత్తవి వేయించాడు, బ్రేకులు మాత్రం బిగించలేదు. చచ్చినవాళ్లను తిట్టకూడదంటారు, నేను తిడతాను. నీళ్లు లేని ఇంటి యజమాని కష్టం నీకేం తెలుసని నా ఈడువాళ్లు నాతో వాదిస్తారు. ఎందుకు తెలియదు, ఆ నీళ్లు నేనూ తాగాను కదా.

ఇప్పుడు మా ఊళ్లో ఇంటి ముందే కొళాయి ఉంది. పిల్ల పడకముందే పట్టీలు కట్టే రోజులొచ్చాయి, మంచిదే. దుకాణంలో అక్క మెల్లగా వంగి, మనవరాలి మోకాలి పట్టీని బొటనవేలితో అదిమి చూసింది.

"మన బిందెలకు కట్టినట్ల కట్టినారు కదే పాపకు" అంది.

ఆ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు, మెచ్చుకోలే ఉంది. ఆ మెచ్చుకోలు వినలేక నేను దుకాణం బయటికి వచ్చేశాను.