మూత తీయని సాక్సోఫోన్

ఈ సాయంత్రం తెనాలిలో మా కచేరీ. బాపట్ల నుంచి నేను వయొలిన్‌తో, రేపల్లె నుంచి మస్తాన్ సాక్సోఫోన్‌తో వెళ్ళాం. యూరప్‌ పాత బరోక్ పద్ధతిలో నేను ఒకే వరసను తిప్పి తిప్పి వాయిస్తుంటే, దాని మీద మస్తాన్ జాజ్‌లా అప్పటికప్పుడు అల్లుకుంటూ పోతాడు. మేమిద్దరం సొంతంగా కట్టుకున్న బాణీ అది.

అది మంచి ఊపులో ఉండగా నిర్వాహకుడు వేదిక ఎక్కి మస్తాన్ భుజం తట్టాడు.

“కాస్త ఆపు బాబూ, ముఖ్య అతిథి గారొచ్చారు. శాలువా కప్పేద్దాం.”

“మధ్యలో ఆపితే పోద్దండి.”

“ఏం పోదులేవయ్యా! ఆపిన చోట నుంచే మళ్ళీ ఎత్తుకోండి.”

అప్పుడే కారు దిగిన ఆ పెద్దమనిషి శాలువా కప్పించుకుని, మా సంగీతానికి తన ఒళ్ళు పులకరించిందని మైకులో చెప్పాడు. ఫొటో కోసం సాక్సోఫోన్ అడిగాడు. మస్తాన్ మౌత్‌పీస్‌కి మూత బిగించి మరీ ఇచ్చాడు. ఆయన ఆ మూతనే నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించాడు. జనం చప్పట్లు కొట్టి, ఆయన వెంటే వెళ్ళిపోయారు.

ఆ ఫొటో కింద పెడుతున్నాను. ఆయన విన్నంత సంగీతం అందులో మీకూ వినిపిస్తుంది. ఒళ్ళు పులకరిస్తే కామెంట్‌లో చెప్పండి.