జెబెల్ అలీలో తొమ్మిదో నంబరు

మొన్న మోకాలు చూపించుకుందామని వెళ్తే, మా అబ్బాయి కంటే చిన్నవాడైన డాక్టరొకడు నా కాలిని ఇటు మడిచి, అటు చాపి, తలుపు కీలు పరీక్షించే వడ్రంగిలా చెవి దగ్గరగా పెట్టి విన్నాడు. లోపల టక్కుమంది. "ఈ చప్పుడు ఎప్పట్నుంచి వస్తోందమ్మా?" అని అడిగాడు. నిరుటి నుంచి అని చెప్పి ఊరుకున్నాను. నిజానికి ఆ చప్పుడుతో నాకు అంతకు ముందే పరిచయం ఉంది. మొదటిసారి విన్నది నా కాల్లో కాదు, దుబాయ్‌లో, ఒక నేపాలీ అమ్మాయి కాల్లో. ఆవిడ వాళ్ళ దేశానికి గోల్స్ కొట్టిన మనిషి. ఇదంతా చెప్తే డాక్టరు నన్ను మోకాలి నుంచి తీసి తలకాయ డాక్టరు దగ్గరికి పంపుతాడేమోనని చెప్పలేదు. మీకు చెప్తాను.

దుబాయ్‌లో మెట్రో రైలు వచ్చి రెండు మూడేళ్ళయిన రోజులవి. మేము కరామాలో ఉండేవాళ్ళం. మావారు ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంట్స్ చూసేవారు. నేను జెబెల్ అలీలో ఒక సెక్యూరిటీ కంపెనీ ఆఫీసులో పని చేసేదాన్ని. మాల్స్‌కీ, లేడీస్ హాస్టళ్ళకీ గార్డుల్ని పంపడం మా కంపెనీ వ్యాపారం. సెలవు కాగితాలు, మెడికల్ చీటీలు, పాస్‌పోర్టులు నా పని. పాస్‌పోర్టు ఎవరిది వాళ్ళ దగ్గరే ఉండాలని చట్టం. అయితే మా దగ్గర ఉద్యోగంలో చేరిన రోజే "భద్రత కోసం కంపెనీకి ఇస్తున్నాను" అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకునేవాళ్ళం. ఆ పాస్‌పోర్టులన్నీ నా కుర్చీ వెనక ఇనప బీరువాలో ఉండేవి. తాళంచెవి నా హ్యాండుబ్యాగులో, ఇంటి తాళాలతో పాటే. మా ముదీర్, అంటే మేనేజరు, సంతకం లేకుండా ఆ బీరువాలోంచి కాగితం ముక్క బయటికి రాకూడదు. ముదీర్ అంటే ఏ అరబ్బు షేకో అనుకునేరు, మన దేశపు మనిషే. ఎప్పుడూ కోప్పడేవాడు కాడు. నవ్వేవాడు. ఆయన నవ్విన రోజు మాలో ఎవరికో ఒకరికి మూడినట్టే.

ఆ అమ్మాయిని నాకు పరిచయం చేసింది మా కంపెనీ బస్సు డ్రైవరు. జగిత్యాల వైపు మనిషి, అప్పటికే ఇరవై ఏళ్ళుగా దుబాయ్‌లో ఉన్నవాడు, అందరికీ అన్న. పొద్దున్నా సాయంత్రం ఆ బస్సులో గంటన్నర కూర్చుంటే ఏ దేశం వాళ్ళకైనా ఆయన భాష అంటుకోవలసిందే. అలా ఆ నేపాలీ పిల్లకి ఆర్నెల్లలో తెలుగొచ్చింది. అదీ అచ్చం జగిత్యాల తెలుగు. మొదటిసారి నా టేబులు ముందు నిలబడి "దీదీ, మంచిగున్నరా?" అంటే నేను తలెత్తి చూశాను. నిక్కరు చొక్కాల్లో తిరిగిన మగరాయుడి నడక, ఎండకు కమిలిన గుండ్రటి మొహం, మాటలో మాత్రం మా డ్రైవరన్న. నవ్వాపుకోలేకపోయాను. నవ్వితే తనూ నవ్వింది. ఆ రోజు నుంచి నేను దీదీ, తను చెల్లి.

చెల్లి కథ నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. కొండల మీద ఊరు. మైదానమంటూ లేదు, మెట్లు మెట్లుగా కోసిన పొలం మడిలోనే ఆట. బంతి జారితే కింద మడిలోకి, అక్కణ్ణుంచి ఇంకా కిందికి. అందుకే బంతిని కాలి దగ్గర్నుంచి పోనివ్వకూడదని చిన్నప్పుడే అలవాటయిందట. పద్దెనిమిదో ఏట దేశం చొక్కా వేసుకుంది. తొమ్మిదో నంబరు. గోల్ కొట్టాల్సినవాళ్ళు వేసుకునేది ఆ నంబరని నాకు తనే చెప్పింది. రెండేళ్ళు ఆడింది, గోల్స్ కొట్టింది, పేపర్లో ఫోటో పడింది. కానీ అక్కడ ఏదో ఒక ప్రభుత్వ శాఖ జట్టులో ఉద్యోగం దొరికితేనే ఆట నిలుస్తుంది. లేకపోతే పొలం, లేదా పెళ్ళి, అదీ కాదంటే దుబాయ్. ఈ పిల్ల దుబాయ్‌కి వచ్చి ఒక మాల్‌లో ఆడవాళ్ళ ప్రార్థన గది గుమ్మం దగ్గర రోజుకి పన్నెండు గంటలు నిలబడింది. "ఈ కాళ్ళు పరుగెత్తనీకి ఉన్నయి దీదీ, నిలబడనీకి కాదు" అంది ఒకసారి. ఏడుపుగొట్టు మొహంతో కాదు, డ్యూటీ చార్టులో తప్పు చూపించినంత మామూలుగా.

ఆ ఏడు జెబెల్ అలీ కంపెనీల ఆడవాళ్ళకి ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. మా ముదీర్‌కి ఎక్కడలేని హుషారొచ్చింది. ఆఫీసులో ఉన్న ఒకే ఒక్క ఆడదాన్ని కాబట్టి మా ఆడ గార్డుల జట్టుకి నన్ను మేనేజరుని చేశాడు. నా మొహం, నాకు ఫుట్‌బాల్ ఏం తెలుసు? చేత్తో పట్టుకోకూడదని తెలుసు, అంతే. చల్లనీళ్ళ డబ్బా, గ్లూకోజు పొడి, ఓ గిన్నెడు పులిహోర పట్టుకుని ప్రతి శుక్రవారం తెల్లారకుండానే గార్డులుండే లేబర్ క్యాంపు వెనక ఇసక మైదానానికి వెళ్ళేదాన్ని. పులిహోర తిని పరుగెత్తలేమని పిల్లలు మొత్తుకున్నాక అరటిపళ్ళకి మారాను. కానీ ఏమాటకామాటే చెప్పుకోవాలి, చెల్లి కాలికి బంతి తగిలిందంటే నాలాంటి దద్దమ్మకి కూడా కళ్ళు తిప్పుకోబుద్ధయ్యేది కాదు. ముగ్గురు అడ్డం వచ్చినా ఆ బంతి ఆమెతోనే ఉండేది.

ఫైనల్‌కి మూడు వారాలుందనగా వాళ్ళ పాత కోచ్ ఫోను చేశాడు. దేశం జట్టు కోసం మళ్ళీ క్యాంపు పెడుతున్నారు, ఫలానా రోజుకల్లా రావాలి. వయసు ఇరవై ఆరు నిండింది, ఇదే చివరి పిలుపు. టికెట్టు పాత జట్టులోని స్నేహితురాళ్ళు పంపుతామన్నారు. ఇక కావలసింది సెలవు, పాస్‌పోర్టు. నేనే కాగితం రాసి ముదీర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదివి, చాలా సేపు నవ్వుతూ ఉండిపోయాడు. "కప్పు గెలిపించమను. మర్నాడే సంతకం పెడతా. యల్లా, కదులు, వెళ్ళి ప్రాక్టీసు చేయించు" అన్నాడు. ఫైనల్ శుక్రవారం, క్యాంపు ఆ వచ్చే సోమవారం. చెల్లి ఎగిరి గంతేసింది. నాకు మాత్రం ఆయన నవ్వడమే నచ్చలేదు.

ఆ మర్నాటి ప్రాక్టీసులోనే మోకాలు మెలిపడింది. నేను గట్టు మీద అరటిపళ్ళు పంచుతున్నాను. అంత దూరానికి ఆ టక్కు వినిపించదు కదా అనుకుంటారు, వినిపించింది. చెల్లి కూర్చుని, లేచి, దుమ్ము దులుపుకుని, "ఏం కాలె దీదీ" అంది. సాయంత్రానికి మోకాలు కొబ్బరికాయంత అయింది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. దుబాయ్‌లో పని చేసిన మనవాళ్ళందరికీ ఒక మాటంటే హడల్: అన్‌ఫిట్. వీసా మెడికల్‌లో ఆ మాట పడితే తిరుగు విమానమే. అందుకే మెడికల్ దగ్గర పడితే దగ్గొచ్చినవాడు దగ్గు మింగేవాడు, జ్వరమొచ్చినవాడు చన్నీళ్ళు పోసుకునేవాడు. ఆ మెడికల్ చూసేది టీబీ లాంటి అంటుజబ్బుల కోసమని, దానికీ మోకాలికీ సంబంధం లేదని నాకు తెలిసి ఉండాలి, ఆ చీటీలు రాసేది నేనే కదా. అయినా పదేళ్ళుగా ఆ భయం చుట్టూ తిరిగి తిరిగి నాకూ పట్టేసింది. "ఇన్సూరెన్సు కార్డు బయటికి తీయకు. ఆసుపత్రి కాగితం ఆఫీసుకొస్తుంది. ముదీర్ చూస్తే అన్‌ఫిట్ అంటాడు, సెలవూ పోతుంది, క్యాంపూ పోతుంది" అని నేనే చెప్పాను. చెప్పి ఊరుకున్నానా, నువ్వులనూనెలో వెల్లుల్లి, కర్పూరం వేసి కాచి సీసాలో పోసి ఇచ్చాను. మా అమ్మ వైద్యం. రోజూ రాసి గట్టిగా మర్దనా చేయమన్నాను. ఆ పిల్ల బుద్ధిగా చేసింది.

ఆ మూడు వారాలూ ఉక్కబోతే. సముద్రం మీది తేమ ఇసకతో కలిసి ఆకాశం మడ్డిగా ఉండేది, క్రేన్ల తలలు కనిపించేవి కావు. కుడికన్ను అదురుతుంటే నిద్ర చాలక అని సర్దిచెప్పుకునేదాన్ని. ఒకరోజు బస్సు దిగుతుంటే డ్రైవరన్న నన్ను ఆపాడు.

"మేడం, గా పిల్ల కాలు మంచిగ లేదు. బస్సు ఎక్కేటప్పుడు ఎడమ కాలు మీద బరువు పెడ్తలేదు. ఆడనియ్యకుండ్రి."

"అదే ఆడతానంటోంది అన్నా" అన్నాను.

"అది అంటది. మీరు పెద్దోళ్ళు గదా."

ఆఫీసులోకి వెళ్ళి కూర్చున్నాను. నా వీపు వెనకే బీరువా. బ్యాగులో తాళంచెవి. ఆ పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెడితే చాలు, ఏ కప్పూ అక్కర్లేదు, ఇంటికెళ్ళి కాలు చూపించుకుని, క్యాంపుకి వెళ్తుందో మానుతుందో తనే తేల్చుకుంటుంది. ఈ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను. వచ్చింది. రోజూ వచ్చింది. మావారి కంపెనీలో అప్పుడే మనుషుల్ని తీసేస్తున్నారు, నా ఉద్యోగం కూడా పోతే ఎలా అని మరో ఆలోచన దాని వెనకే వచ్చేది.

ఫైనల్ రోజు గడ్డి మైదానంలో మా మీద ఒక హోటలు జట్టు, అంతా ఫిలిప్పీన్ పిల్లలు, గాలిపటాల్లా తిరిగారు. సగం ఆటకి చెరో గోలు. మాది చెల్లే కొట్టింది. విరామంలో పట్టీ విప్పి చూస్తే మోకాలు నల్లగా, నీరు పట్టి ఉంది. గట్టు అవతల ముదీర్ బొటనవేలు పైకెత్తి చూపిస్తూ నవ్వుతున్నాడు. డ్రైవరన్న నా మొహం కేసే చూస్తున్నాడు. చెల్లి కూడా. పెద్దదాన్ని కదా, మాట నాదే. "ఇంకెంత, ఇరవై నిమిషాలేగా" అన్నాను. నేను పట్టీ బిగించి కట్టాను. నా చేతుల్తోనే.

చివర్లో బంతి ఆమె దగ్గరికొచ్చింది. ఎడమ కాలు నేల మీద ఊన్చి, కుడి కాలితో కొట్టింది. బంతి వలలో పడింది, మావాళ్ళందరూ అరుస్తూ అటు పరుగెత్తారు. నేను విన్నది మాత్రం ఆ టక్కు. కప్పు మాదే అయింది. గోలు కొట్టిన మనిషి ఎక్కడుందో చూసుకోవడానికి వాళ్ళకి కాస్త సమయం పట్టింది. నేనూ డ్రైవరన్నా అప్పటికే ఆమె పక్కన ఉన్నాం. గడ్డి పట్టుకుని, కళ్ళు మూసుకుని, "బంతి పడ్డదా?" అని అడిగింది. పడిందన్నాను.

ఆసుపత్రిలో డాక్టరు స్కాను కాగితం పట్టుకుని, మోకాలిని కట్టి ఉంచే లిగమెంటు పూర్తిగా తెగిపోయిందన్నాడు. మొదటి దెబ్బకి సగమే తెగి ఉంటుంది, అప్పుడే విశ్రాంతి ఇచ్చి ఉంటే ఇంత రాకపోవచ్చు, మర్దనా ఎవరు చేయమన్నారు అని అడిగాడు. నేనని చెప్పాను. ఆపరేషన్ అయ్యాక కూడా నడక సరే, ఆట సంగతి మర్చిపోవాలన్నాడు. చెల్లి కిటికీ వైపు తిరిగి పడుకుంది. ఆమె ఏడవడం అదొక్కసారే చూశాను.

ముదీర్ మాట తప్పలేదు. మర్నాడే సంతకం పెట్టాడు. సెలవు కాగితం మీద కాదు, ఉద్యోగం ముగింపు కాగితం మీద. గార్డు అన్నాక నిలబడాలి కదా అన్నాడు, నవ్వుతూనే. ఆ ఆదివారం చెల్లి చంకల కింద కర్రలతో నా టేబులు ముందుకొచ్చింది. రిజిస్టరులో సంతకం చేసింది. నేను లేచి బీరువా తీశాను. పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టాను.

"ఒక్కసారైనా నన్ను అడగలేదేం? తాళం నా దగ్గరుందని నీకు తెలుసుగా" అన్నాను. నన్ను తిడితే బాగుణ్ణని ఉంది.

"తెల్సు దీదీ," అంది. "అడిగితె మీరు ఇయ్యకపోదురు. అప్పుడు మిమ్మల్ని దీదీ అని ఎట్ల పిలుస్త?"

కర్రలు సర్దుకుని వెళ్ళిపోయింది. డ్రైవరన్న ఎయిర్‌పోర్టుకి దింపాడు. తర్వాత వాళ్ళ ఊళ్ళో ఆడపిల్లలకి ఆట నేర్పుతోందని ఎవరో అన్నారు, చాయ్ కొట్టు పెట్టిందని ఇంకెవరో అన్నారు. ఏది నిజమో కనుక్కోవడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ బీరువా తలుపు తీయడానికి నాకు పట్టింది అర నిమిషం. మూడు వారాలపాటు ఆ అర నిమిషం నాకు చిక్కలేదు. ఇప్పుడు ఉద్యోగం లేదు, ముదీర్ లేడు, రోజంతా ఖాళీయే.