అమ్మమ్మ మోకాళ్లకు నా ఫోను వైద్యం

తాండూరు కందిపప్పుకు ఎంత పేరుందో మీకు తెలుసు. ఆ పప్పులో నేను వేసినంత ఘనంగా కాలు మాత్రం ఇంకెవరూ వేసి ఉండరు. నొప్పులతోనైనా సరే తన కాళ్ల మీద తాను తిరుగుతున్న మా అమ్మమ్మకు వైద్యం చేసి, ఆటో వెనక సీట్లో అడ్డంగా పడుకోబెట్టి దవాఖానాకు చేర్చిన మహానుభావురాలిని నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను. నవ్వండి గానీ మెల్లగా నవ్వండి, మా అత్తింటివాళ్లు వింటారు.

అప్పుడు నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. సెలవులకు రైలెక్కి తాండూరులో దిగి, ఆటోలో అమ్మమ్మ ఊరు చేరేదాన్ని. అమ్మమ్మ పేరు అనంతమ్మ. ఆ ఏడు వెళ్లేసరికి ఆమె గడప దాటడానికే గోడ పట్టుకుంటోంది. పక్కింటి రజియా బీ తన నొప్పి మాత్రల్లో సగం ఈమెకు పంచుతోంది. ఇద్దరి స్నేహం అలాంటిది, ఉప్పూ పప్పూ ఇచ్చిపుచ్చుకున్నట్టు మాత్రలు కూడా.

"గీ మోకాళ్లు లేవనిస్తలేవు బిడ్డా. నీ ఫోన్‌ల ఏమన్న మందు దొరుకుతదేమో సూడరాదు?" అంది అమ్మమ్మ.

అడగడమే ఆలస్యం. తెలిసీ తెలియని వయసు, చేతిలో కొత్త ఫోను. కోతికి కొబ్బరికాయ అంటారే, నా చేతికి ఆసుపత్రే దొరికింది. ఊళ్లో సిగ్నల్ మా బర్రె లాంటిది, రమ్మన్నప్పుడు రాదు. మిద్దె ఎక్కి, చెయ్యి పైకెత్తి నిలబడితే, ఒక పేజీ తెరుచుకుంది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఫోనే తెలుగు చేసి పెట్టింది. బొమ్మలు రాలేదు, వాటి చోట ఖాళీ గళ్లున్నాయి. అక్షరాలు చాలవా అనుకున్నాను.

'వయసు మళ్లిన మీ ముద్దుల నేస్తం నిద్ర లేవగానే కుంటుతోందా? మెట్లెక్కడానికి వెనకాడుతోందా? తాకితే విసుక్కుంటోందా?'

మిద్దె మీదే గంతేశాను. అచ్చం అమ్మమ్మే! పైగా 'ముద్దుల నేస్తం' అట, ముసలివాళ్ల గురించి ఎంత ఆప్యాయంగా రాశారో అని నా కళ్లు చెమర్చాయి కూడా.

ఆ రోజు నుంచి మొదలైంది వైద్యం. 'నేల జారకుండా చాపలు పరవండి' అంటే నాపరాళ్ల గచ్చంతా చాపలు పరిచాను. 'తిండి గిన్నె కాస్త ఎత్తులో పెట్టండి' అంటే ముక్కాలిపీట మీద కంచం పెట్టాను. 'గోళ్లు పెరగనివ్వకండి' అంటే ఇరవై గోళ్లూ కత్తిరించాను.

"మోకాలు నొస్తే గోర్లు ఎందుకే పిల్లా?"

"నరాలన్నీ గోర్లకే ఉంటయ్ అమ్మమ్మా," అన్నాను డాక్టరులా.

'బరువు తగ్గించండి. జాలిగా కళ్లలోకి చూసినా కరిగిపోకండి' అని కూడా ఉంది. అమ్మమ్మ రెండో రొట్టె కోసం నిజంగానే జాలిగా చూసింది. నేను కరగలేదు.

'మనుషుల నొప్పి మాత్రలు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి' అన్న వాక్యం దగ్గరైనా నాకు వెలగాలి. వెలగలేదు. పరాయి మనుషుల మాత్రలు వద్దంటున్నారు కాబోలు అనుకుని రజియా బీ మాత్రలు ఆపించాను.

పొద్దునా సాయంత్రమూ నడిపించమన్నారు. కంది చేల గట్టు వెంట ఇద్దరం మెల్లగా నడిచేవాళ్లం. అమ్మమ్మ తన పెళ్లినాటి సంగతులు, తాతయ్య అలిగి బొంరాస్‌పేట దాకా నడిచి పోయిన సంగతి చెబుతూ నడిచేది. తిరిగి రాగానే పేజీలో చెప్పినట్టే తల నిమిరి, "శభాష్! మస్తు నడిసినవ్!" అనేదాన్ని. ఆమె మురిసిపోయేది.

అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! 'లేవలేకపోతే పొట్ట కింద తువ్వాలు వేసి రెండు వైపులా పట్టి ఎత్తండి' అన్నది చివరి చిట్కా. చాప మీద కూర్చున్న అమ్మమ్మను ముందుకు వంచి, పొట్ట కింద తువ్వాలు వేశాను. ఒక కొస నాది, ఒక కొస రజియా బీది.

"గిదేం ఇలాజ్ బేటీ? నా జిందగీల సూడలే!"

"గట్లనే రాసిన్రు చాచీ. జర గట్టిగ పట్టు."

ఎత్తాం. తువ్వాలు పర్రుమని చిరిగింది. అమ్మమ్మ ధబ్బున కూలబడి, "సచ్చిన్నే బిడ్డా!" అని కేక పెట్టింది. ఇక లేవలేకపోయింది. ఆటోలో ఆమె తల నా ఒళ్లో ఉంది. నడుము విరిగిందేమో, ఇక ఎప్పటికీ నడవదేమో అని దారి పొడవునా ఏడుస్తూనే ఉన్నాను. "నువ్ ఫికర్ జెయ్యకే," అని ఆమే నన్ను ఓదార్చింది.

తాండూరులో డాక్టరమ్మ ఎక్స్‌రే చూసి, ఎముక విరగలేదు, దెబ్బ కమిలిందంతే అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. తర్వాత ఆమె అడిగింది: "తువ్వాలతోని లేపమని ఎవరు చెప్పిన్రమ్మా?"

చేసిన వైద్యమంతా వరసగా చెప్పి, గర్వంగానే ఫోను అందించాను. ఊళ్లో లేని సిగ్నల్ అక్కడ నిండుగా ఉంది. ఖాళీ గళ్లు ఒక్కొక్కటే నిండసాగాయి. మొదట రెండు చెవులు వచ్చాయి. తర్వాత నెరిసిన మూతి. ఆ తర్వాత బయటికి వేలాడుతున్న నాలుక. చాప మీద హాయిగా పడుకున్న ముసలి కుక్క నన్నే చూస్తోంది.

డాక్టరమ్మ నవ్వాపుకోలేక కుర్చీ పట్టుకుంది. "ఎవరు రాసిన్రు, ఎవరి కోసం రాసిన్రు, గది ముందు సూడాలె గదమ్మా! సూసినంక కూడా నన్నొక మాట అడుగు. పక్కింటోళ్ల మాత్రలు మాన్పిచ్చినవ్, మంచిదైంది. నొప్పి తగ్గినంక నడక గూడ మానొద్దు." అని, పేజీలో నేను దాటేసిన ముక్క పైకే చదివింది: "నడిచి వచ్చాక తల నిమిరి, ఒక బిస్కెట్ పెట్టండి."

మంచం మీద మూలుగుతున్న అమ్మమ్మ టక్కున తల తిప్పింది.

"బిస్కెట్ పెట్టుమన్నదా? మరి నా బిస్కెట్లన్నీ నువ్వే తిన్నవానే?"

ఆ తర్వాత అమ్మమ్మ చాలా ఏళ్లు నడిచింది, బిస్కెట్ పుచ్చుకుని మరీ నడిచింది. ఇప్పుడు ఆమె లేదు. ఆ గట్టు మీద ఆమె చెప్పిన సంగతులన్నీ నా దగ్గరే ఉన్నాయి.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఫోనులో ఏ వైద్యం కనబడినా, రోగికి కాళ్లెన్నో లెక్క తేలనిదే రెండో వాక్యం చదవను గాక చదవను!