నింపిన తుపాకి గోడకు

నా పెనిమిటి తుపాకి పేలి పోయాడు. తలరాత అన్నారు ఊళ్లో. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శామీర్‌పేట చెరువు వెనక మా జొన్నచేను. అడవి పందుల కోసం ఇంట్లో ఒక తుపాకి ఉండేది. గొట్టం మూతిలోంచి మందూ గుండ్లూ పోసి కడ్డీతో దట్టించాలి. వెనక చిన్న రాగి టోపీ పెడితే, దాని మీద దెబ్బ పడి పేలుతుంది. టోపీ తీసేస్తే పేలదు. అంతే, పసిపిల్లకు చెప్పినా తెలుస్తుంది. మా బావకు, అంటే ఆయన అన్నకు తెలియలేదు. పంది దొరకని రోజున నింపిన తుపాకిని టోపీతో సహా తెచ్చి మా గోడకు ఆనించేవాడు. నింపినదాన్ని వట్టిగా పేలిస్తే మళ్లీ వేట పడదట. టోపీ తీయడానికేం రోగమో మరి. ఒక పొద్దున ఇల్లు అలుకుతూ దాన్ని పక్కకు జరపమన్నాను. జరపమన్నది నేనే. మా ఆయన గొట్టం పట్టుకుని తన వైపు లాక్కున్నాడు.

ఏడాది తిరగలేదు. ఊళ్ల మీద మూకలు పడుతున్నాయని మగవాళ్లంతా కాపలా మొదలుపెట్టారు. మచ్చ బొల్లారంలో ఉండే ముసలి సాయబును పిలిపించారు. పల్టన్‌లో సిపాయిగా చేసి వచ్చినవాడు. ఎండిన చెరువులో గురి నేర్పుతున్నాడు. బావ అదే తుపాకి పట్టుకుపోతూ సాయంత్రం మళ్లీ నా ఇంట్లోనే పెడతానన్నాడు. తన ఇంట్లో పిల్లలున్నారట. నా బిడ్డ పిల్ల కాదా? వెనకే నడిచాను.

నన్ను చూసి ఒకడు ఉమ్మేశాడు. "ముండమోపి ఎదురొచ్చింది. ఇగ ఇయ్యాల గురి కుదిరినట్టే."

వాడితో నాకేం పని? సాయబు దగ్గరికి పోయాను. "సాబ్, గీయన నింపిన తుపాకి తెచ్చి నా ఇంట్ల ఆనిస్తడు. జర అడుగుండ్రి."

"ఖాళీదే సాబ్. ఆడోళ్లకేమెరుక" అని బావ నవ్వుతూ గొట్టం నా వైపే తిప్పాడు.

సాయబు చెయ్యేసి దాన్ని కట్ట వైపు తోశాడు. టోపీ ఊడదీశాడు. కడ్డీని గొట్టంలోకి జారవిడిచాడు. ఖాళీదైతే కడ్డీ మూతి దాకా దిగిపోవాలి. నాలుగు వేళ్ల మేర బయటే నిలిచింది.

"ఏంది భాయ్ గిది? తమ్ముడు సచ్చినంక గూడ?"

"మందు దొరుకుతలేదు సాబ్. ఊకనే ఎట్ల పారేస్త?"

"తమ్ముడు దొరుకుతడా బావా?" అన్నాను.

సాయబు తుపాకి నా చేతికిచ్చాడు. "బేటీ, గొట్టం మనిషి దిక్కు తిరగొద్దు. కొట్టేదాక మీట మీద వేలు వెట్టొద్దు. భుజానికి గట్టిగ ఒత్తుకో." తనే టోపీ పెట్టాడు. కట్ట మట్టిలోకి పేల్చాను. గురికి పెట్టిన కుండ అలాగే ఉంది. భుజం వాచింది. గొట్టం ఖాళీ అయింది, నాకు కావలసింది అదే.

సాయంత్రం బావ గడప దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాను. "టోపీల డబ్బా ఇటియ్యి. తుపాకి నా ఇంట్లుంటే టోపీలు నా కొంగుల ఉంటయి."

"ఆడదాన్ని అడుక్కోవాల్నా నేను?"

"అడుగు. లేకుంటే నీ పిల్లలు పండే కాడ ఆనించుకో."

డబ్బా నా చేతిలో పెట్టలేదు, గడప మీద పడేసి పోయాడు. వంగి తీసుకున్నాను. ఆ తర్వాత కాపలాకు పోయిన ప్రతిసారీ వచ్చి అడిగాడు, నేను ఒక్కొక్కటే ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ అతని మీద ఎంత కోపమో, ఈ పని ఏడాది ముందే చేయనందుకు నా మీద నాకు అంత కోపం.