లంకకు పోయొచ్చిన ముచ్చట

కొల్లేరు చూడాలన్న పిచ్చి నాది, పిలుపు సత్యానిది. సత్యం ఏలూరు వైపువాడు, సికింద్రాబాదులో నాతోపాటు బియ్యం కొట్లో గుమాస్తా. అతని అక్కను కొల్లేటి నడుమ ఒక ఊరికిచ్చారు. "మా బావగారి లంకకు రండి, రెండు రోజులు హాయిగా ఉంటుంది" అని ఎప్పుడూ అనేవాడు. పోలీస్ యాక్షన్‌తో నిజాం రాజ్యం పోయి, గొడవలు సద్దుమణిగి రైళ్లు మళ్లీ దారిలో పడ్డ ఆ చలికాలం బయలుదేరదామనుకున్నాం. మూడోవాడు ఖాజా. సీతాఫల్‌మండిలో మా పక్కింటి దర్జీ, చిన్ననాటి జతగాడు. షేర్వానీ కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. ఆ ఏడు కొత్తది కుట్టించుకునేవాడు లేడు సరే, ఉన్నవాటిని కూడా జనం పెట్టెల అడుక్కు తోసేశారు.

లంక అన్న మాటే కొంప ముంచింది. నీళ్ల మధ్య మిట్ట మీదున్న ఊరిని అక్కడివాళ్లు లంక అంటారు. ఖాజా తల్లి హుసేన్‌బీకి తెలిసిన లంక ఒక్కటే, వీధి భాగవతంలో చూసిన రావణుడి లంక. పైగా ఆమె పెద్ద కొడుకు బొంబాయికి పోయొస్తనని చెప్పి, అక్కడ ఓడెక్కి కరాచీ చేరి కొన్ని నెలలే అయింది.

"వాడు సుత పోయొస్తననే పోయిండు బిడ్డా. లంకంటే సముద్రం దాటాల్నా, వద్దా?" అని నన్ను నిలేసింది.

"సముద్రం కాదమ్మా, పెద్ద చెరువసొంటిది. సోమవారం పొద్దుగాల్ల నీ కొడుకును నీ ముంగట నిలబెడ్త" అన్నాను. చాలా తేలిగ్గా అనేశాను.

శుక్రవారం సాయంత్రం మూడో తరగతి పెట్టెలో ఎక్కాం. ఖాజా సంచి పైన పెడదామని ఎత్తితే చెయ్యి గుంజింది. మూతి సందులోంచి, పాత బట్టలో చుట్టిన పెద్ద కత్తెర పిడి కనిపించింది. నీళ్లు చూడబోయే దర్జీకి కత్తెర ఎందుకు? బెజవాడలో మద్రాసు బండి దొరుకుతుంది. కత్తెర చేతిలో ఉన్నవాడికి ఏ ఊళ్లోనైనా కూడు దొరుకుతుంది. అడగాలని మాట నోటిదాకా వచ్చింది. ఔనంటాడేమోనని మింగేశాను. ఆ రాత్రి ఖమ్మం ఎప్పుడు దాటిందో సత్యానికి తెలియదు, నాకు బాగా తెలుసు.

తెల్లవారుతుండగా ఎర్రుపాలెం దాటింది. ఎదుటి బల్ల మీది తలపాగా పెద్దమనిషి కిటికీలోంచి చూసి, "ఇగ మన ఇలాఖా అయిపోయింది. పరాయి దేశం షురూ" అన్నాడు. మళ్లీ తనే నాలుక కరుచుకుని, "ఇప్పుడంత ఒక్కటే అంటున్నరు గదా" అన్నాడు.

"ఒక్కటైతే మన పైసలకు బెజవాడల చాయ్ పోస్తరా?" అన్నాడు ఖాజా.

పోయలేదు. మన నిజాం హాలీ సిక్కాను చాయ్‌వాడు అటూ ఇటూ తిప్పి చూసి వెనక్కిచ్చాడు. వెళ్లదలచినవాళ్లు ముందే అక్కడ చెల్లే కల్దారు రూపాయలు మార్చుకోవడం మంచిది. మాకు సత్యం ఉన్నాడు కనుక గొంతు తడిసింది.

మధ్యాహ్నానికి ఏలూరు. పూటకూళ్లింట్లో భోజనం చేసి, ఎద్దుబండిలో కొల్లేటి గట్టుకు చేరాం. అక్కడి నుంచి తాటిదోనె. వెంకన్న అనే అతను గడ వేస్తుంటే దోనె కిక్కిస పొదల మధ్య నుంచి మెల్లగా జారింది. పొదలు దాటగానే ఎటు చూసినా నీళ్లే. గూడబాతులు గుంపులుగా తేలుతున్నాయి. హుసేన్‌బీ భయపడిందంటే భయపడదూ అనిపించింది. ఆ రాత్రి లంకలో సత్యం అక్క కొర్రమీను పులుసు పెట్టింది. మూడోసారి వడ్డించుకున్నది నేనే.

ఆదివారం పొద్దున తిరుగు దోనెలో ఖాజా అడిగాడు. "వరదొస్తే ఏం జేస్తరు?"

"మునుగుద్దండి. పిల్లా జెల్లాతో గట్టుకెళ్లిపోతాం. నీరు తీశాక వచ్చి, మట్టెత్తి మళ్లీ ఇళ్లేసుకుంటాం" అన్నాడు వెంకన్న.

"గట్టు మీదనే ఉండిపోవచ్చు గద?"

"గట్టు మీదోళ్లు మంచోళ్లేనండి. వరదన్నాళ్లూ చుట్టాల్లా చూస్తారు. ఏడాది పొడుగునా చుట్టంలా ఉండలేం కదండీ."

సత్యం నవ్వాడు. ఖాజా నవ్వలేదు. గట్టు చేరేదాకా నీళ్లలో చెయ్యి పెట్టి కూర్చున్నాడు.

సాయంత్రం బెజవాడలో మా బండి ఎక్కి కూర్చున్నాం. అవతలి ప్లాట్‌ఫారం మీద మద్రాసు బండి నిలబడి ఉంది. "నీళ్లు తాగొస్త" అని ఖాజా లేచాడు, సంచి భుజాన వేసుకుని. నీళ్లు తాగడానికి సంచి ఎందుకు? సత్యాన్ని సామానుకు కాపలా పెట్టి వెంటపడ్డాను. కొళాయి దగ్గర నిలబడి అతను మద్రాసు బండివైపే చూస్తున్నాడు.

"కత్తెర ఎందుకు తెచ్చినవ్ రా?"

"చూసినవా? మరి ఇంతదాంక అడగవైతివి."

"భయమైంది."

"నాక్కూడ" అన్నాడు. "అన్న కరాచీ రమ్మంటున్నడు. బొంబాయి బండి పేరెత్తితే అమ్మ గడప దాటనియ్యది. అందుకే ఇటుకెళ్లి, మద్రాసు మీదికెళ్లి పోదామనుకున్న."

"మరి?"

మద్రాసు బండి కూత వేసింది. అతను కదల్లేదు. అది మెల్లగా కదిలి వెళ్లిపోయాక కొళాయి తిప్పి నిజంగానే నీళ్లు తాగాడు.

"ఆడ నన్నెన్ని దినాలు చుట్టం లెక్క చూస్తరు?" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "షేర్వానీలు వద్దంటే బుష్‌షర్టులు కుడ్త. కోసేది ఏ బట్టయితే కత్తెరకేంది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కొల్లేరు ఎట్లా ఉందని తర్వాత చాలామంది అడిగారు. చలికాలంలో వెళ్లండి, పులుసు తినండి, దోనెలో కుదురుగా కూర్చోండి అని చెప్తుంటాను. కానీ ఆ ప్రయాణం తలచుకుంటే నా కంటికి ముందు కనిపించేది బెజవాడ కొళాయే.

సోమవారం పొద్దున సీతాఫల్‌మండిలో హుసేన్‌బీ గడప మీదే కూర్చుని ఉంది. కొడుకు మొహం, చేతులు తడిమి చూసుకుంది. నావైపు చూసి తలూపింది. తర్వాత అడిగింది.

"సముద్రం ఎట్లుందిరా?"

ఖాజా సంచిలోంచి కత్తెర తీసి, దాని గూట్లో దాన్ని పెట్టాడు.

"అందాంక పోలేదమ్మా."